సంపాదకుని మాట: పటం, పత్రం, మన ఇంటి అటక



ఈ సంచికను చేతిరాతలకు కేటాయించాం. మరమగ్గాల భివండీకి తాళపత్రాలతో ఏం పని అని కొందరు అడిగారు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి పద్మనగర్‌లో స్థిరపడ్డ మన పద్మశాలీలకు కూనపులి వారు గుర్తే. ఊరూరా పటం వేలాడదీసి మార్కండేయ పురాణం చెప్పేవారు. నేతబట్టకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి చేర్యాల నకాషీలు ఆ పటం గీసేవారు. అంటే మనం నేసిన బట్టే మనకు గ్రంథమైంది. ఆ పటాలూ రాతప్రతులంత విలువైనవేనని మా నమ్మకం.

కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరిచేందుకు 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు. గ్రంథాలయాలతో పాటు ప్రైవేటు సేకరణలూ అందులో ఉన్నాయి. ఇళ్లలో ఉన్నవి బయటపడాల్సింది ఇప్పుడే. లండన్ ఇండియా హౌస్‌లో మూలనపడ్డ దక్షిణాది ప్రతులను నాడు సి.పి. బ్రౌన్ పట్టుబట్టి మద్రాసుకు రప్పించారు. మన అటక మీది కట్ట కోసం ఏ బ్రౌనూ రాడు.

అందుకే పండితుల వ్యాసాల పక్కనే తాతల భజన పుస్తకాలకూ, పద్దుల పుస్తకాలకూ చోటిచ్చాం.

మీ ఇంట్లో అలాంటివి ఉంటే లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. గంజి పురుగును పిలుస్తుంది కాబట్టి, ఉతికి గంజి వదిలించిన నూలుబట్టలో చుట్టండి. వానాకాలం చెమ్మ తగలనివ్వకండి. ఎవరు రాశారో, ఏ ఊరి నుంచి వచ్చిందో పెద్దల్ని అడిగి వేరే కాగితం మీద రాసి ఉంచండి.