వేడి టైరులో గాలి తీయించకండి

2018 జూన్‌లో ఇక్కడ ఆడవాళ్ళ డ్రైవింగ్‌కి అనుమతి వచ్చాక నేనూ లైసెన్సు తీసుకున్నాను. మొన్న రియాద్ నుంచి దమ్మాం వెళ్తూ బంకులో గాలి చూపిస్తే 38 పీఎస్ఐ ఉంది. డోరు స్టిక్కరు మీద 33. "ఎక్కువైంది, తీయించేద్దాం" అన్నారు మావారు. వద్దన్నాను. డిగ్రీలో చదివిన గ్యాస్ సూత్రం ఇన్నాళ్ళకి పనికొచ్చింది లెండి!

స్టిక్కరు లెక్క చల్లటి టైరుది. పొద్దున 30 డిగ్రీల దగ్గర 33 ఉన్నది, టైరు 60కి వేడెక్కితే 38కి చేరుతుంది. అప్పుడు తీయిస్తే మర్నాటికి 29 కూడా ఉండదు. గాలి తగ్గిన టైరు పక్కలు నలిగి, ఇంకా కాగి, హైవే మీద పేలే ప్రమాదం ఉంది. రేసు ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు వేడికి పెరుగుతుందని కావాలనే తక్కువతో మొదలుపెడతారు. పిల్లల్ని ఎక్కించుకునే మనకా లెక్క వద్దు. పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోండి. గేజి ఇప్పుడు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటోంది.