గరిటె మెడ దగ్గర తెలిసేది ఆకురాయి విలువ

నెల్లూరు జిల్లాకు తూర్పున సముద్రం, పడమట ఉదయగిరి దుర్గం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతి సేనల నుంచి గెలుచుకున్న ఆ కొండకోట గురించి చదివినవారు చాలామందే ఉన్నారు. ఆ కొండ కింది ఊళ్లో కొయ్యతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయని, ఆ పనితనానికి 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు కూడా దక్కిందని ఎరిగినవారు తక్కువ. నర్ది, బిక్కి, కల్ది వంటి అడవి కర్రలు వారి ముడిసరుకు. కొండపల్లి బొమ్మకు వాడే పొణికి తేలికైనది, చెప్పినట్టు వింటుంది. ఉదయగిరి కర్ర గట్టిది. ఫోర్కు పళ్లు అంత సన్నగా చెక్కినా విరక్కుండా నిలిచేది ఆ గట్టితనం వల్లే. పనిముట్టు మొద్దుబారితే సాయంత్రానికి చెయ్యి పడిపోయేదీ దానివల్లే.

ఈ వృత్తి ప్రస్తావన వస్తే మార్కెట్టు, ప్రదర్శనలు, ఆన్‌లైన్ అమ్మకాల మీద చర్చ సాగుతుంది. కళాకారుడి చేతిలో ఏ ఆకురాయి ఉందో ఎవరూ అడగరు. మొదట అడగవలసింది అదే.

ఒక గరిటెను తీసుకుని కాడ వచ్చి గిన్నెలో కలిసే చోట వేలు పెట్టి చూడండి. పైన పల్లం, అడుగున ఉబ్బు, అటూ ఇటూ రెండు ఒంపులు. ఆ అంగుళం జాగాలోనే పనికి ఎదురయ్యే పోగు దిక్కు మారిపోతుంది. బాడిసెతో ఆకారం వస్తుంది, ఉలితో లోతు వస్తుంది. మెడ దగ్గర మాత్రం ఉలి పొరపాటున పోగులోకి దిగిందా, పెచ్చు లేచిపోతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. కొద్దికొద్దిగా కొరుకుతూ పోయే ముళ్ల ఆకురాయే అక్కడ దిక్కు. పొగాకు పైపుల తయారీకి పేరుపడ్డ ఫ్రాన్సులోని సెయింట్ క్లాడ్‌లోనూ ఇదే చిక్కు: బ్రయర్ వేరుదుంపను చెక్కేటప్పుడు గిన్నె గొట్టంలో కలిసే మలుపే చేతికి పరీక్ష.

బజారులో ఆకురాయి అని అడిగితే చాలా కొట్లలో ఇనుము రాసేదే చేతిలో పెడతారు. దాని ఒంటి నిండా అడ్డగీతలు. కర్ర పొడి ఆ గీతల్లో కూరుకుపోతే ఇక అది జారడమే తప్ప తినదు. కర్రకు కావలసింది విడివిడి ముళ్లున్న రాస్పు. అందులోనూ తేడాలున్నాయి. యంత్రం మీద ముళ్లు బారులు తీర్చి కొట్టిన రాస్పులో ఒక ముల్లు నడిచిన దారిలోనే వెనకదీ నడిచి కర్ర మీద చారలు వేస్తుంది. ఫ్రాన్సులో ఓరియూ, లియోజియే అనే తయారీదారుల దగ్గర పనివాళ్లు ఒక్కో ముల్లునూ చేత్తో పొడిచి లేపుతారు. చేతిపని గనుక వరుస అక్కడక్కడా కదులుతుంది. ముందు ముల్లు వదిలినదాన్ని వెనకది అందుకుంటుంది, కర్ర నున్నగా వస్తుంది. ఎడమచేతి వాటం వారికి విడిగా కూడా చేసి ఇస్తారు. ధర మాత్రం వేలల్లో ఉంటుంది.

ఉదయగిరిలో అంత ఖరీదు పెట్టనక్కర్లేదు. గరుకు ముళ్ల అరగుండ్రం ఒకటి, సన్న ముళ్ల అరగుండ్రం ఒకటి, ఒంపుల్లోకి దూరే సన్నని గుండ్రటిది ఒకటి ఉంటే మెడ పని సాగిపోతుంది. కొనేటప్పుడు చూడవలసింది దాని వంపు. తీయబోయే పల్లం కంటే ఆకురాయి గుండ్రం బిగువుగా ఉండాలి. చదునుగా ఉంటే దాని అంచులు దిగి గాట్లు పెడతాయి. కొట్టుకు వెళ్లేటప్పుడు అదే జాతి ఎండుకర్ర ముక్క వెంట తీసుకెళ్లి రాసి చూసుకోవడం మేలు. పచ్చికర్ర మీద రాస్తే ముళ్ల మధ్య పిండిలా పట్టేస్తుంది గనుక అసలు గుణం తెలియదు. జపాన్‌లో రంపపు బ్లేళ్లను అల్లికలా బిగించి షింటో అనే రాస్పు చేస్తారు. సందులుండటం వల్ల పొడి రాలిపోతుంది, ముళ్లు పూడుకుపోవు. అలాంటిది మన కమ్మరి చేయలేడా?

యంత్రాలు వద్దని ఎవరూ అనరు. మొద్దు కోతకు యంత్రం రావాలి, వచ్చింది కూడా. కానీ మెడ దగ్గర తిరిగే చక్రం రెప్పపాటులో గీత దాటేస్తుంది. అంతకంటే పెద్ద సంగతి దుమ్ము. ఆకురాయి రాల్చే పొట్టు చాలావరకు కాళ్ల దగ్గర పడుతుంది. శాండింగ్ యంత్రం లేపే సన్నని ధూళి గాలిలో నిలిచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్ర ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఇంటి వసారానే కార్ఖానా అయినప్పుడు, పక్కన పిల్లలు ఆడుకుంటున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. ధూళి లాగే గొట్టం లేకుండా అలాంటి యంత్రాన్ని ఇంటికి పంపడం సాయం అనిపించుకోదు.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తున్నారు. 18 వృత్తుల జాబితాలో వడ్రంగి ఉన్నాడు, బొమ్మలు చేసేవారు ఉన్నారు, గరిటెలు చెక్కేవారికి విడిగా పేరు లేదు. తలుపులు, మంచాలు చేసే వడ్రంగి సామాను వేరు, గరిటె మెడ తీర్చే చేతికి కావలసిన సామాను వేరు. ఉదయగిరి వారికి ఏ ఆకురాళ్లు, ఏ ఉలులు కావాలో వారినే అడిగి జాబితా రాయించాలి. అదే పథకంలో కమ్మరి ఉన్నాడు, సుత్తులు, పనిముట్లు చేసేవారూ ఉన్నారు. వారిలో ఆసక్తి ఉన్నవారికి ముళ్లు లేపే పని నేర్పిస్తే నెల్లూరు, కావలి వడ్రంగులకూ పనికొస్తుంది. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పట్టే ఆ ఊళ్లలో ఆకురాళ్లు ఇంకా తొందరగా పాడవుతాయి. ఈ పనికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా పరిశ్రమల అధికారులు ఒక పూట ఉదయగిరి వెళ్లి పనివాళ్ల పక్కన కూర్చుంటే ఆ జాబితా సాయంత్రానికి తయారవుతుంది.