పంపే దారి ఎక్కడ ఇరుకైంది?

ఇంట్లో నెట్ ఉంది. సినిమా ఆగకుండా వస్తుంది. వంటల వీడియో చక్కగా ఆడుతుంది. కానీ మనం తీసిన వీడియో ఊళ్ళో ఉన్న చెల్లెలికి పంపుదామంటే మాత్రం ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది! వీడియో కాల్‌లో అవతలివాళ్ళ మాట మనకి స్పష్టంగా వినిపిస్తుంది, మన మాటే వాళ్ళకి తెగి తెగి వెళుతుంది. మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే ఈ వారం కబుర్లు మీ కోసమే.

"నెట్ సంగతులు మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. మిక్సీ ఆగిపోతే ఏం చేస్తాం? ముందు కరెంటు ఉందో లేదో చూస్తాం. ప్లగ్గు మరో బోర్డులో పెట్టి చూస్తాం. మిక్సీ అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. అన్నీ అయ్యాకే కదా రిపేరుకిస్తాం! ఒక్కొక్కటే తప్పించి చూడటం మనకి వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడా కావలసింది అదే.

ముందు రెండు మాటలు తెలుసుకోవాలి. బయటినుంచి మన ఇంటికి వచ్చేది డౌన్‌లోడ్. మన ఇంట్లోంచి బయటికి వెళ్ళేది అప్‌లోడ్. రెండూ ఒకే తీగలో నడిచినా, రెండింటి వేగం ఒకటి కానక్కర్లేదు. ఫోను తీగ మీద వచ్చే ఏడీఎస్ఎల్ నెట్ గుర్తుందా? 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన తొలి ఏడీఎస్ఎల్‌లో వచ్చే వేగం 8 ఎంబీపీఎస్ దాకా ఉంటే, వెళ్ళే వేగం సుమారు 1 ఎంబీపీఎస్ దగ్గరే ఆగేది. ఇళ్ళలో జనం తెచ్చుకునేదే ఎక్కువ, పంపేది తక్కువ అని అలా కట్టారు. ఇప్పటి ఫైబర్‌లో పంపే దారి కూడా బాగా వెడల్పయింది. కాబట్టి ఫైబర్ ఉన్న ఇంట్లో కూడా పంపటం మరీ నత్తనడకగా ఉంటే ఎక్కడో ఏదో అడ్డం పడిందన్నమాటే.

ఇంకో చిన్న లెక్క. కంపెనీవాళ్ళు చెప్పే వేగం బిట్లలో, మన వీడియో సైజు బైట్లలో. 8 బిట్లు కలిస్తే 1 బైటు. 100 ఎంబీ వీడియో అంటే 800 మెగాబిట్లు. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ ఉంటే అది 8 సెకన్లలో వెళ్ళిపోవాలి. 5 ఎంబీపీఎస్ ఉంటే 160 సెకన్లు, అంటే 2 నిమిషాల 40 సెకన్లు. 1 ఎంబీపీఎస్ కూడా లేకపోతే పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ లెక్క తెలిస్తే మనల్ని ఎవరూ మాటలతో మభ్యపెట్టలేరు.

ఇక అసలు సంగతి. మా ఆడపడుచు పదో తరగతి పిల్లలకి ఇంట్లోనే కూర్చుని వీడియోలో లెక్కలు చెబుతుంది. ఆ డబ్బుతోనే పెద్దమ్మాయి కాలేజీ బస్సు ఫీజు గడుస్తోంది. ఈమధ్య పిల్లల తల్లులు ఫోన్లు చేయటం మొదలెట్టారు. "మేడం, మీ బొమ్మ ఆగిపోతోంది, బోర్డు మీద రాసింది కనబడటం లేదు" అని. ఇద్దరు పిల్లలు మానేశారు కూడా.

వాళ్ళింట్లో ఒక ప్రత్యేకత ఉంది. ఆమె భర్త, అంటే మా అన్నయ్యగారు, కంప్యూటర్ ఉద్యోగం చేస్తారు. ఇంట్లో మూలన పడున్న పాత కంప్యూటర్‌లో రెండో నెట్‌వర్క్ కార్డు వేసి, దాన్ని ఇంటి నెట్‌కి కాపలా పెట్టారు. దీన్నే ఫైర్‌వాల్ అంటారు. బయటి తీగ ఒక కార్డుకి, ఇంటి తీగ రెండో కార్డుకి. వచ్చేదీ వెళ్ళేదీ అంతా దీని కళ్ళ ముందునుంచే పోవాలి. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్, ఐపీఫైర్ అని ఇందుకోసమే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. పిల్లలు చూడకూడని సైట్లు ఆపటానికీ, బయటివాళ్ళు లోపలికి తొంగిచూడకుండా ఉండటానికీ బాగా పనికొస్తుంది.

అన్నయ్యగారికి ఇప్పుడు వేరే ఊళ్ళో పని. నెట్ బాగుచేసే అబ్బాయి వచ్చి, "సార్ లేరా మేడం?" అని అడిగి, ఆ పాత కంప్యూటర్ తప్పించి తీగ నేరుగా లాప్‌టాప్‌కి పెట్టాడు. అప్‌లోడ్ 95 ఎంబీపీఎస్ చూపించింది! "చూశారా మేడం, ఇది తీసి పారేయండి, అదే అడ్డం" అనేసి వెళ్ళిపోయాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. "వదినా, ఆ అబ్బాయి తీసేయమంటున్నాడు. ఆయనేమో వద్దంటున్నారు. మధ్యలో నా పిల్లలు మానేస్తున్నారు" అంది.

ఆ అబ్బాయి చేసిన పరీక్ష మంచిదే. వీధిలోంచి వచ్చే దారిలో లోపం లేదని తేలిపోయింది. కానీ సందు కాపలావాడి దగ్గర ఉందని తెలిసినంత మాత్రాన కాపలావాణ్ణే పంపించేస్తామా? ఎందుకు ఆపుతున్నాడో అడగాలి కదా! ఆదివారం నేను వెళ్ళాను. నేను చదివింది ఇంటర్మీడియట్ దాకానే. అన్నయ్యగారు ఫోన్లో చెబుతూంటే మేమిద్దరం ఒక నోటుబుక్కు పెట్టుకుని వరసగా చూసుకుంటూ వచ్చాం. ఆ వరస మీకూ చెప్తాను.

ఒకటి. వైఫైలో కాకుండా తీగ పెట్టి వేగం కొలవండి. గోడల చాటున వైఫై తగ్గిపోతుంది, ఆ నేరం ఫైర్‌వాల్ మీద పడుతుంది. కొలిచేటప్పుడు ఇంట్లో మిగతా ఫోన్లకి వైఫై ఆపేయండి. ఫోనులో తీసిన ఫోటోలన్నీ తమంతట తాము బయటికి వెళుతూ ఉంటాయి. వాకిట్లో పెట్టిన కెమెరా కూడా రాత్రింబగళ్ళు బొమ్మలు పంపుతూ ఉండొచ్చు. పంపే దారిని చప్పుడు లేకుండా తినేసేవి ఇవే.

రెండు. ఒకసారి కొలిచి ఊరుకోకండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలిచి రాసుకోండి. ఈ పని మా ఆడపడుచు ముందే చేసి పెట్టింది. మూడు పూటలా 0.9. మూడు రోజులు చూసినా 0.9. ఈ అంకె సంగతి చివర్లో చెప్తాను.

మూడు. తీగలు చూడండి. నీలం తీగలో లోపల 8 సన్నని తీగలుంటాయి. 100 వేగానికి నాలుగు చాలు, 1000 వేగానికి ఎనిమిదీ కావాలి. బీరువా కింద నలిగి ఒక్కటి తెగినా వేగం పడిపోతుంది. ఫైర్‌వాల్ కంప్యూటర్ పేజీలో ఒక్కో కార్డు ఎంత వేగంతో కలిసిందో కనబడుతుంది. అక్కడే "ఫుల్ డ్యూప్లెక్స్" అని ఉండాలి. అంటే రెండు వైపులా ఒకేసారి మాట్లాడుకోవచ్చని. "హాఫ్" అని ఉంటే ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగాలి. ఒక చివర ఫుల్, రెండో చివర హాఫ్ అయితే ఒకరి మీద ఒకరు పడి మాటలు పోతాయి. రెండు చివరలా "ఆటో" అని ఉంచటం మేలు.

నాలుగు. కంప్యూటర్ అలిసిపోతోందేమో చూడండి. పాత కంప్యూటర్‌లో తనిఖీ పనులు ఎక్కువ పెడితే ప్రాసెసర్ 100 శాతం దాకా పోతుంది. ఫ్యానుకి దుమ్ము పట్టి వేడెక్కినా నెమ్మదిస్తుంది. కంప్యూటర్ పద్ధతిగా ఆపి, ప్లగ్గు తీసేసి, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డ వాడకండి సుమా!

ఐదు. చిన్న సందేశాలు వెళ్ళిపోయి, ఫోటోలు మాత్రం మధ్యలో నిలిచిపోతున్నాయా? అప్పుడు ఎమ్‌టీయూ అనేది చూడాలి. ఒక్కో మూటలో ఎంత సరుకు కట్టొచ్చో చెప్పే అంకె అది. మామూలుగా 1500. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి కలిసే పీపీపీఓఈ పద్ధతిలో ఆ చిరునామా చీటీకే 8 బైట్లు పోతాయి కాబట్టి సాధారణంగా 1492 ఉంచాలి. మూట పెద్దదై గుమ్మంలో పట్టకపోతే పెద్దవి ఆగి చిన్నవే వెళతాయి.

ఆరు. ఎవరైనా హద్దు పెట్టారేమో చూడండి. ఫైర్‌వాల్‌లో "ట్రాఫిక్ షేపర్" అనో "క్వాలిటీ ఆఫ్ సర్వీస్" అనో ఒక పేజీ ఉంటుంది. అప్‌లోడ్ ఇంతకి మించి పోకూడదు అని అక్కడ రాయొచ్చు.

మా ఆడపడుచు ఇంట్లో తీగలు బాగున్నాయి. ఫుల్ డ్యూప్లెక్సే. ప్రాసెసర్ 10 శాతం దాటలేదు. ఆరో దగ్గరికి వచ్చేసరికి దొరికింది. అప్‌లోడ్ హద్దు 900 కిలోబిట్లు! అంటే 0.9 ఎంబీపీఎస్. ఆ అంకె చూసి ఆమె తన నోటుబుక్కు నా ముందు పెట్టింది. రెండూ ఒకటే.

ఇంట్లో ఫోను తీగ నెట్ ఉన్న రోజుల్లో అన్నయ్యగారు పెట్టిన హద్దు అది. అప్పటి దారే 1 ఎంబీపీఎస్. కాబట్టి 0.9 పెట్టటం తెలివైన పనే. తరవాత ఫైబర్ వచ్చింది. వీధిలో దారి వెడల్పయింది, గుమ్మంలో పాత నియమం అలాగే ఉండిపోయింది. కాపలావాడు తనకి చెప్పిన పని తూచా తప్పకుండా చేస్తున్నాడు, అంతే!

ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. వేగం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతూంటే వైఫైనో, తీగనో, వీధిలో రద్దీనో అనుమానించండి. ఏ పూట కొలిచినా ఒకే అంకె దగ్గర గీత గీసినట్టు ఆగిపోతూంటే మాత్రం అది సాధారణంగా రోగం కాదు, ఎవరో పెట్టిన హద్దు. అది ఫైర్‌వాల్‌లో ఉండొచ్చు, లేదా మీరు కట్టే ప్లానులోనే ఉండొచ్చు. నేరుగా పెట్టి కొలిచినా అదే అంకె వస్తే ముందు ప్లాను కాగితం తీసి చూడండి.

మరి ఆ హద్దు పూర్తిగా తీసేయాలా? వద్దు. పంపే దారి నిండిపోతే మోడెమ్‌లో సరుకు వరస కట్టి నిలబడుతుంది. ఆ వరస వెనకాల మన మాట కూడా నిలబడాల్సి వస్తుంది. దీనికి 2012లో కేథ్లీన్ నికోల్స్ అనే ఆవిడ, వాన్ జేకబ్సన్ అనే ఆయనా కలిసి కోడెల్ అనే ఉపాయం చెప్పారు. వరసలో మరీ ఎక్కువసేపు ఉండిపోతున్న సరుకుని కొంచెం వదిలేసి, పంపేవాళ్ళని నెమ్మదించమని సూచించటం దాని పద్ధతి. దాన్ని పెంచి ఎఫ్‌క్యూ కోడెల్ అని చేశారు, 2018లో అది ఇంటర్నెట్ పత్రాలకెక్కింది. ఇందులో వంతులు వేరువేరుగా నడుస్తాయి కాబట్టి పెద్ద వీడియో వెళుతున్నా మాటకి దారి దొరుకుతుంది. ఇది పనిచేయాలంటే వరస మన కాపలావాడి దగ్గరే ఉండాలి. అందుకని కొలిచిన వేగంలో సుమారు 90 శాతం హద్దు పెడతారు. 95 వచ్చింది కాబట్టి మేం 85 పెట్టాం.

85 రాసే ముందు పక్కనున్న కొలమానం చూడండి! అది కిలోబిట్లు అయితే 85000 రాయాలి. ఉప్పు చెంచాతో వేయాలా, గరిటెతో వేయాలా అన్నంత తేడా ఇది. మార్చే ముందు పాత అంకె నోటుబుక్కులో రాసుకోండి. సెట్టింగులన్నీ భద్రపరిచే "బ్యాకప్" కూడా ఒకసారి నొక్కండి.

మరికొన్ని జాగ్రత్తలు. పరీక్ష కోసం ఫైర్‌వాల్ తప్పిస్తే కొలవటం అయిన వెంటనే మళ్ళీ పెట్టేయండి. సన్నని ఫైబర్ తీగని మేకుకి చుట్టకండి, మడిస్తే వెలుతురు కారిపోయి వేగం పోతుంది. దాని చివర ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని అస్సలు చూడకూడదు. అందులో వచ్చే లేజర్ కంటికి కనబడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరి బుర్రలోనే ఉండకూడదు. అన్నయ్యగారు ఫోన్ ఎత్తబట్టి సరిపోయింది. ఆ పూట ఎత్తకపోయి ఉంటే సోమవారం పాఠం కూడా పోయేది. గ్యాస్ పుస్తకం, ఇంటి పన్ను రసీదులు దాచే చోటే ఒక కవరులో పాస్‌వర్డ్, ప్లాను వేగం, పెట్టిన హద్దులు రాసి ఉంచండి. ప్లాను మారిన రోజున ఆ కాగితం తీసి సరిచూసుకోండి. ఇంట్లో ఆ దారి మీద పని చేసుకునేది మనమైనప్పుడు దాని తాళంచెవి మన దగ్గర కూడా ఉండాలి కదండీ!

మా ఆడపడుచు పాఠాలు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. మానేసిన ఇద్దరిలో ఒక పిల్ల తిరిగి చేరింది.

మీ ఇంట్లో అప్‌లోడ్ ఎంతో ఈ వారం మూడు పూటలా కొలిచి రాసుకోండి. అంకె కదులుతోందో, కదలక నిలబడుతోందో మాకూ రాయండి. వచ్చే వారం ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు, ఎంత పోయాలో చెప్పుకుందాం.