పొరుగింటి అన్నం తినని దౌత్యం

2014 ఆగస్టులో నరేంద్ర మోదీ కాఠ్‌మాండూ వెళ్లారు. పదిహేడేళ్ల తర్వాత ఒక భారత ప్రధాని ద్వైపాక్షిక పర్యటనకు రావడం నేపాల్‌లో పండుగ వాతావరణాన్ని సృష్టించింది. ఏడాది తిరిగేసరికి సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. గ్యాస్ సిలిండర్ కోసం, పెట్రోలు కోసం వరుసల్లో నిలబడ్డ నేపాలీలు అది భారత్ విధించిన దిగ్బంధమని నమ్మారు. కాదని ఢిల్లీ ఎంత చెప్పినా వినేవారు లేకపోయారు. 2020లో కాలాపానీ, లిపులేఖ్, లింపియాధురాలను తనవిగా చూపుతూ నేపాల్ కొత్త పటం విడుదల చేసింది. 2023లో మాల్దీవుల ఎన్నికలు ‘ఇండియా ఔట్’ నినాదం నీడలో జరిగాయి. 2024 ఆగస్టులో షేక్ హసీనా ఢాకా విడిచి రాగానే బంగ్లాదేశ్‌లో మన పరపతి ఒక్కరోజులో కూలిపోయింది.

ఈ పరిణామాలకు వేర్వేరు కారణాలున్నాయి. కానీ ఒక లోపం అన్నింటిలోనూ కనిపిస్తుంది. మన స్నేహాలన్నీ అధికార భవనాలతోనే ముడిపడి ఉన్నాయి. భవనంలో మనిషి మారితే స్నేహం మారిపోతున్నది. ప్రభుత్వం మారినా, ‘మా ఇంట్లో ఏడాది పాటు ఉండి వెళ్లిన పిల్ల భారతీయురాలు, ఆ దేశం మొత్తాన్ని తిట్టకండి’ అని చెప్పగల తల్లి గోర్ఖా జిల్లాలోనో, రాజ్‌షాహీలోనో ఒకరైనా ఉన్నారా అన్నది మన విదేశాంగ విధాన నిర్మాతలు వేసుకోని ప్రశ్న.

ఇతర దేశాలు ఈ ప్రశ్న వేసుకున్నాయి. తమ యువతను పరదేశంలో సేవకు పంపడం, వారిని హోటళ్లలో కాక స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంచడం ఒక విధానంగా అభివృద్ధి చేసుకున్నాయి. (వలంటీర్ అనగానే ఆంధ్రప్రదేశ్ పాఠకులకు 2019 నాటి గ్రామ వలంటీర్లు గుర్తుకు రావచ్చు. ఇక్కడ చర్చ ఆ వ్యవస్థ గురించి కాదు.) బ్రిటన్‌లో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ దంపతులు 1958లో వీఎస్‌ఓను స్థాపించారు. 1961 మార్చిలో జాన్ కెనెడీ పీస్ కోర్‌ను ఏర్పాటు చేశారు. 1965లో జపాన్ తన యువ సహకార దళాన్ని ప్రారంభించింది. యుద్ధంలో ఓడి ఆసియా అంతటా ద్వేషాన్ని మూటగట్టుకున్న జపాన్, రెండు దశాబ్దాలు తిరిగేలోపే అదే ఆసియా పల్లెలకు నర్సులను, వ్యవసాయ నిపుణులను పంపడం సాధారణ విషయమేమీ కాదు.

ఈ వ్యవస్థ మనకు అపరిచితం కూడా కాదు. 1961 చివర పంజాబ్‌కు వచ్చిన తొలి బృందం మొదలు 1976 దాకా నాలుగు వేల మందికి పైగా పీస్ కోర్ వలంటీర్లు మన దేశంలో పనిచేశారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో కోళ్ల పెంపకం, వ్యవసాయం, ఆరోగ్యం, పాఠశాల విద్య వంటి రంగాల్లో వారు కనిపించేవారు. వారిలో ఒకరు లిలియన్ కార్టర్. 1966లో, 68 ఏళ్ల వయసులో, ముంబయి శివార్లలోని విఖ్రోలీకి వచ్చి రెండేళ్ల పాటు నర్సుగా రోగులకు సేవ చేసిన ఈమె జిమ్మీ కార్టర్ తల్లి. 1977 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ మరణించినప్పుడు, అప్పటికి అధ్యక్షుడైన కార్టర్ అంత్యక్రియలకు పంపిన అమెరికా ప్రతినిధి బృందానికి తన తల్లినే నాయకురాలిగా నియమించారు. బంగ్లాదేశ్ యుద్ధ కాలం నుంచి బీటలు వారిన సంబంధాల నడుమ, పీస్ కోర్ భారత్‌ను వీడిన మరుసటి ఏడాదే, వాషింగ్టన్ దగ్గరున్న అత్యుత్తమ దౌత్యవేత్త ఒక విశ్రాంత వలంటీర్ అయింది!

పీస్ కోర్ సేవాకాలం శిక్షణతో కలిపి 27 నెలలు. మొదటి మూడు నెలలు వలంటీరు స్థానిక కుటుంబంతో ఉంటూ భాష నేర్చుకుంటాడు. నేపాల్‌లోనైతే సేవాకాలమంతా ఆతిథ్య కుటుంబంతోనే ఉండాలి. అతనికి లభించే భత్యం స్థానికంగా బతకడానికి సరిపడేంత మాత్రమే. ఈ నియమాల్లోనే అసలు కిటుకు ఉంది. ఇరవై రెండేళ్ల ఆ యువకుడికి బడిలో ఉపాధ్యాయుడన్న గౌరవం ఉండవచ్చు. ఇంట్లో మాత్రం అతను చేత్తో అన్నం కలుపుకోవడం రాని, ఎంగిలి తెలియని, పెద్దల ముందు ఎలా కూర్చోవాలో తెలియని పసివాడు. అతనికి ఎనిమిదేళ్ల పిల్ల కూడా గురువే. సాయం చేయడానికి వచ్చినవాడు ప్రతి పూటా సాయం పొందుతూ బతకవలసి వస్తుంది. ధనిక దేశానికీ పేద దేశానికీ మధ్య ఉండే ఎక్కువ తక్కువలు వీధిలో ఎలా ఉన్నా, ఆ వంటింట్లో తారుమారవుతాయి.

దీనికి బ్రోటన్ కోబర్న్ అనుభవం మంచి ఉదాహరణ. 1970లలో పీస్ కోర్ ఉపాధ్యాయుడిగా నేపాల్ కొండ పల్లెకు వెళ్లిన ఈ అమెరికన్‌కు, గురుంగ్ తెగకు చెందిన ఒక వృద్ధ వితంతువు తన గేదెల కొట్టం పైనున్న అటకలో చోటిచ్చింది. అతనికి ఆమె ‘ఆమా’ అయింది. నేపాలీలో ఆ మాటకు అమ్మ అని అర్థం. 1982లో వెలువడిన అతని ‘నేపాలీ ఆమా’ పుస్తకంలో ప్రధాన పాత్ర అతను చేసిన సేవ కాదు, ఆమె జీవితం. ఒక దేశం తన యువకుణ్ని పంపి సంపాదించుకోగల అత్యంత విలువైన ఆస్తి, తిరిగి వచ్చాక పొరుగు దేశం గురించి తెలిసి మాట్లాడే పౌరుడు.

ఇదంతా నిష్కళంకమైన చరిత్రేమీ కాదు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అమెరికా ఉద్దేశాలను భారత్ అనుమానించడానికి తగిన కారణాలే ఉన్నాయి. మానవతావాదానికి కూడా హద్దులుండాలని ఇవాన్ ఇల్లిచ్ 1968లోనే మెక్సికోలోని క్వెర్నవాకాలో అమెరికన్ విద్యార్థి వలంటీర్ల ముఖం మీదే చెప్పారు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, మమ్మల్ని ఉద్ధరించడానికి మాత్రం రావద్దన్నది ఆయన ప్రసంగ సారాంశం. ఆ హెచ్చరికకు అసలైన విలువ ఈ శతాబ్దంలో, సేవ సరుకుగా మారిన తర్వాత తెలిసివచ్చింది.

రెండు వారాలకు ఇంత, నెలకు ఇంత అని రుసుము వసూలు చేసి, విదేశీ యువతను కాఠ్‌మాండూ, పోఖరా, చిత్వన్‌లలోని బాలల ఆశ్రమాలకు పంపే వ్యాపారం నేపాల్‌లో విస్తరించింది. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో సుమారు 85 శాతం మందికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బతికే ఉన్నారని యునిసెఫ్ హెచ్చరించింది. ఆశ్రమాల్లో అత్యధికం పర్యాటకులు వచ్చే జిల్లాల్లోనే ఉండటం యాదృచ్ఛికం కాదు. చదువు చెప్పిస్తామని కొండ పల్లెల నుంచి పిల్లలను తెచ్చి, అనాథలని చెప్పి, వారి దైన్యాన్ని ప్రదర్శనకు పెట్టారు. పక్షానికొకరు చొప్పున వచ్చి ఎత్తుకుని ముద్దాడి, ఫొటో తీసుకుని వెళ్లిపోయే ‘అన్నయ్యలు’, ‘అక్కయ్యలు’ ఆ పిల్లల మనసులను ఎన్నిసార్లు విరిచి ఉంటారో ఎవరు లెక్కగడతారు? 2015 భూకంపం తర్వాత కొత్త ఆశ్రమాల నమోదును నేపాల్ ప్రభుత్వం నిలిపివేయవలసి వచ్చింది. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటరీ కమిటీ అనాథాశ్రమ పర్యాటకాన్ని ఆధునిక బానిసత్వంపై విచారణలో భాగంగా పరిశీలించింది.

ఇది తెల్లవారి సమస్య అని తోసిపుచ్చలేం. హైదరాబాద్, విజయవాడల నుంచి విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే పిల్లలకు ‘అంతర్జాతీయ సేవ’ ఇప్పుడు ఒక అర్హతగా అమ్ముడవుతున్నది. ఇరవై రోజుల సేవ, ఒక ధ్రువపత్రం, నాలుగు ఫొటోలు. ఆ పేరుతో వెళ్లిన పిల్లకు అక్కడి భాషలో పది మాటలు రాకపోతే, ఆ సేవ ఎవరికి జరిగినట్టు?

ఒకవైపు డబ్బున్నవారికి ఈ సేవా పర్యాటకం. మరోవైపు చిత్తశుద్ధి ఉన్న యువతకు ఏ మార్గమూ లేదు. 1964 నుంచి ఐటెక్ పథకం కింద విదేశీ అధికారులకు, నిపుణులకు మనం శిక్షణ ఇస్తున్నాం. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో లక్షలాది విద్యార్థులున్నారు. కానీ భారతీయ యువతను పొరుగు దేశపు ఇంట్లో ఏడాది పాటు ఉంచి పనిచేయించే చెప్పుకోదగ్గ జాతీయ పథకం మనకు లేదు. సార్క్ 1992లో తెచ్చిన వీసా మినహాయింపు న్యాయమూర్తులకు, పార్లమెంటు సభ్యులకు, ఉన్నతాధికారులకు, వ్యాపారులకు పనికొచ్చింది. సామాన్యుడికి కాదు. ఆ సార్క్ కూడా 2014 కాఠ్‌మాండూ శిఖరాగ్రం తర్వాత మరో శిఖరాగ్రానికి నోచుకోలేదు.

నేపాల్ విషయంలో ఈ లోటు ఇప్పుడు మరింత ప్రమాదకరం. తరతరాలుగా గురుంగ్, మగర్ పల్లెల్లో భారతదేశానికి ముఖంగా నిలిచింది మన సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునే గోర్ఖా వృద్ధుడు. 2022లో అగ్నిపథ్ వచ్చాక, 1947 త్రైపాక్షిక ఒప్పందానికి అది విరుద్ధమన్న నేపాల్ అభ్యంతరంతో అక్కడి నుంచి నియామకాలు ఆగిపోయాయి. ఆ వృద్ధుల తరం వెళ్లిపోయాక ఆ ఇళ్లలో భారత్ గురించి చెప్పేవారెవరు? 1950 ఒప్పందం పుణ్యమా అని వీసా అవసరం లేని సరిహద్దు మనది. అమెరికన్ పిల్లలు సముద్రాలు దాటి వచ్చి ఉంటున్న ఆ ఇళ్లకు, రక్సౌల్ వంతెన దాటితే చేరగల మన పిల్లలు వెళ్లడం లేదు.

నేపాల్‌తోనే మొదలుపెట్టి ఒక చిన్న పథకం తీసుకురావచ్చు. నర్సింగ్, వ్యవసాయం, ఉపాధ్యాయ శిక్షణ వంటి చదువు పూర్తిచేసిన వారినే ఎంపిక చేయాలి. ఏడాదికి తగ్గని కాలం, అందులో మొదటి రెండు నెలలు కుటుంబంతో ఉండి భాష నేర్చుకోవడం తప్పనిసరి చేయాలి. వలంటీరు నుంచి పైసా తీసుకోకూడదు. ఆతిథ్య కుటుంబానికి ఖర్చు నేరుగా అందాలి. ఎవరు కావాలో, అసలు కావాలో వద్దో నిర్ణయించే హక్కు నేపాల్‌లోని 753 స్థానిక ప్రభుత్వాలకే ఉండాలి. బాలల ఆశ్రమాల వైపు పోనే కూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మనం ఎందరిని పంపితే అందరు నేపాలీ యువతీయువకులను మన ఇళ్లకు ఆహ్వానించాలి. సిక్కోలు రైతు ఇంట్లో, సిద్ధిపేట టీచరు ఇంట్లో ఒక నేపాలీ పిల్ల ఏడాది ఉండి తెలుగు నేర్చుకుని వెళ్లాలి. ఒకవైపే జరిగితే అది సేవ ముసుగులో పెద్దన్న పోకడ అవుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. మన పల్లెల్లో పనిలేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. కానీ పరాయి ఇంట్లో భాష రాక, అలవాట్లు తెలియక, ఇతరుల దయ మీద ఒక ఏడాది గడిపిన యువతికి హైదరాబాద్‌లోని తన అపార్టుమెంటు కాపలాదారు నేపాలీ బహదూర్‌గా కాక, పేరున్న మనిషిగా కనిపిస్తాడు. తన ఊళ్లోని ఇతరుల వాడ కూడా కొత్తగా కనిపిస్తుంది. అది ఇంట గెలవడం కాదా? గూఢచారులన్న అనుమానం వస్తుందనే అభ్యంతరం న్యాయమైనదే. ఎంపికను అతిథేయుల చేతికివ్వడం, రాకపోకలను ఇరువైపులా సమానం చేయడమే ఆ అనుమానానికి కొంతైనా విరుగుడు.

పొరుగింటి పుల్లకూర రుచి అని మన సామెత. పొరుగే ప్రథమమని పదకొండేళ్లకు పైగా ప్రకటిస్తున్న దేశం ఇంతవరకూ ఆ కూర రుచి చూడనే లేదు. వంతెనలు కట్టించాం, రుణాలిచ్చాం, టీకాలు పంపాం. ఇచ్చిన ప్రతిసారీ కృతజ్ఞత ఆశించి భంగపడ్డాం. ఇచ్చే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది, అందుకే అది ఎవరికీ నచ్చదు. ఇక మన పిల్లలను వారి ముంగిట కంచం పట్టుకుని కూర్చోబెట్టి చూద్దాం.