గణిత గురువుకు గణిత పరీక్ష

విద్యార్థికి పరీక్ష పెట్టడం లోకరీతి. గురువుకు పరీక్ష అనేసరికి కొందరికి అది అవమానంగా తోస్తుంది. తాను బోధించబోయే విషయం తనకు తెలుసునని నిరూపించుకోవడం ఏ వృత్తిలోనూ చిన్నతనం కాదు. గణితంలో ఇది మరింత అవసరం. భిన్నాలు రాని పిల్లవానికి నిష్పత్తి రాదు. నిష్పత్తి రానివానికి శాతం, వడ్డీ అందని మ్రానిపండ్లే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాల కేంద్రాలయ్యాయి. అంతకుముందు ఇవి పాలమూరుగా పేరొందిన మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. ఇక్కడి పేదలు మేస్త్రీల వద్ద ముందుగా సొమ్ము తీసుకొని దూరదేశాలకు వలస వెళ్ళిన చరిత్ర ఉంది. గద్వాల పరిసరాలలో విత్తన పత్తి పండించే రైతుకు అప్పు, వడ్డీ పోగా మిగిలేది ఎంతో తేలడం ముఖ్యం. ఆ లెక్క సరిచూడగల బిడ్డ ఉన్న ఇంటిని మోసగించడం కష్టం. ట్యూషన్ స్తోమత లేని ఇళ్ళకు బడిలో చెప్పిన లెక్కే దిక్కు.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010లో ఉపాధ్యాయ అర్హత పరీక్షను, అనగా టెట్‌ను, తప్పనిసరి చేసింది. ప్రాథమిక తరగతుల టెట్‌లో 150 మార్కులకు గణితం వాటా 30. జనరల్ అభ్యర్థి మొత్తం మీద 90 తెచ్చుకోవాలి. గణితానికి విడిగా కనీస మార్కులు లేవు. గణితంలో 6 మార్కులే వచ్చినవారు మిగిలిన 120లో 84 సాధిస్తే ఉత్తీర్ణులే. నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొనే పరీక్షలో కళ్ళు మూసుకొని గుర్తు పెట్టినా 30 ప్రశ్నలకు సగటున ఏడెనిమిది మార్కులు వస్తాయి. ఇది గణిత పరిజ్ఞానానికి కొలబద్ద కాజాలదు.

పట్టాలు మాత్రమే చాలునా? లిపింగ్ మా అనే విదుషి 1999లో ప్రకటించిన పరిశోధనలో ఒకటీ ముప్పావును అరచేత భాగించమని ఉపాధ్యాయులను అడిగారు. 23 మంది అమెరికా ఉపాధ్యాయులలో సగం మందికైనా సరైన జవాబు రాలేదు. వారికంటే తక్కువ ఏళ్ళు చదివిన 72 మంది చైనా ఉపాధ్యాయులందరూ సరిగా చేశారు. ఒకటీ ముప్పావు లీటరు నూనెను అరలీటరు సీసాలలో పోస్తే మూడున్నర సీసాలు నిండుతాయి. ‘తలకిందులు చేసి గుణించు’ అనే సూత్రంతో పాటు ఇలాంటి ఉదాహరణ చెప్పగలవాడే గురువు.

లెక్కలు వచ్చినంత మాత్రాన బోధన రాదన్న ఆక్షేపణ సరైనదే. అయితే లెక్కలు రాకుండా లెక్కల బోధన అసలే రాదు. పరీక్ష కఠినమైతే మారుమూల గ్రామాల అభ్యర్థులు నష్టపోతారన్నది మరొక భయం. దానికి మందు ఉచిత శిక్షణ గాని, ప్రమాణం తగ్గించడం కాదు. తగ్గిన ప్రమాణం ఫలితాన్ని అనుభవించేది ఆ గ్రామాల పిల్లలే.

కనుక గణితానికి విడిగా కనీస మార్కులు ఉండాలి. జవాబుతో పాటు కారణాన్ని వివరించే ప్రశ్నలు కొన్ని చేర్చాలి. విఫలమైనవారికి శిక్షణ ఇచ్చి మరల అవకాశం కల్పించాలి. ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్న ఉపాధ్యాయులు సైతం రెండేళ్ళలో టెట్ ఉత్తీర్ణులు కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పు చెప్పింది. వారికి ఆ పరీక్ష శిక్షగా కాక లోపాన్ని చూపే దీపంగా ఉండాలి. విద్యార్థి లెక్క తప్పితే ఒక మార్కు పోతుంది. గురువు లెక్క తప్పితే ఏటా ఒక తరగతి నష్టపోతుంది.