తత్త్వశాస్త్రమున స్త్రీలు లేరా?

స్త్రీలలో తత్త్వవేత్తలు లేరనియు, ఉన్నచో చరిత్రకారులు చెప్పకుందురా యనియు విద్యావంతులు పలుకుట మేము పలుమారులు వినియున్నాము. పామరులు పలికిన ఉపేక్షింపవచ్చును. పట్టభద్రులును, ఉపాధ్యాయులును, కుమార్తెలను చదివించుచు సంస్కారపక్షమువారమని చెప్పుకొను గృహస్థులును ఈ మాటనే పలుకుచున్నారు. మేమును అందులోనివారమే యని ఒప్పుకొనుటకు సిగ్గుపడవలసియున్నది.

కొంతకాలము క్రిందట మా యూరి గ్రంథాలయమున పాశ్చాత్యతత్త్వమును గూర్చి ఉపన్యసించుచు డెకార్టు మతమును వివరించితిమి. ఆత్మ ఆలోచించును గాని స్థలము నాక్రమింపదు. దేహము స్థలము నాక్రమించును గాని ఆలోచింపదు. ఈ రెండును వేర్వేరు పదార్థములు. ఇది యాయన సిద్ధాంతము. అట్లైనచో ఆకృతి లేని ఆత్మ చేతిని ఎట్లు కదలింపగలదని ఒక ఆక్షేపకుడు ప్రశ్నించెనని చెప్పి ముందునకు సాగితిమి. ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక బాలిక లేచి, "మాస్టరుగారూ, మీరు చెప్పినవారిలో ఆడవారొక్కరును లేరేమండీ?" అని యడిగెను. గార్గి, మైత్రేయి అని రెండు పేళ్లు చెప్పి కూర్చుంటిమి. సభలోని పెద్దలు చప్పట్లు కొట్టిరి.

మేము పేరు చెప్పని యా ఆక్షేపకుడు బొహీమియా రాజపుత్రికయైన ఎలిజబెత్తు. 1643వ సంవత్సరము మే మాసమున ఆమె డెకార్టునకు ఈ ప్రశ్న వ్రాసెను. ఒక వస్తువు మరియొక దానిని కదలింపవలెనన్న స్పర్శ వలెను గదా, స్పర్శకు ఆకృతి వలెను గదా, ఆకృతియే లేని ఆత్మకు ఇది యెట్లు పొసగునని ఆమె వాదము. డెకార్టు బరువు యొక్క దృష్టాంతముతో సమాధానము చెప్పజూచెను. ఆమె తృప్తిపడలేదు; ఆకృతిలేని దానికి దేహమును కదలించు శక్తి నంటగట్టుట కంటె ఆత్మకే ఆకృతి కలదనుట తనకు సులభముగా నున్నదని తిరిగి వ్రాసెను. మరుసటి సంవత్సరము తన తత్త్వసూత్రముల గ్రంథమును ఆయన ఆమెకే అంకితము చేసెను. 1649లో వెలువడిన చిత్తవృత్తుల గ్రంథమునకు బీజము ఈ ఉత్తరప్రత్యుత్తరములలోనే యున్నది. ఆయన ఉత్తరములు 1657 నుండి అచ్చుపడుచు వచ్చినవి. ఆమె ఉత్తరములు 1879 వరకు అచ్చు కాలేదు. ఆమెయే ప్రకటింపవలదని కోరెనన్నది నిజమే. కాని 222 సంవత్సరములు లోకము సమాధానములను మాత్రమే చదువుచు, ప్రశ్న ఎవరిదని పట్టించుకొనకపోవుటకు అది చాలిన కారణమా? అచ్చయిన తరువాతనైనను పాఠ్యగ్రంథములు ఎంతకాలము ఉలకక పలుకక ఊరకుండెను!

ఈ విషయమున మా కండ్లు తెరపించినది ఐలీన్ ఓనీల్ అను అమెరికా ఆచార్యురాలి జీవితకృషి. ఈమె ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, ఆమ్‌హర్స్టునందలి మాసచూసెట్స్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును బోధించి, 2017లో మరణించెను. స్త్రీపక్షపాతముచే నీమె శాస్త్రమును వంకర చేసెనని నిందించువారు ఒక సంగతి గమనింతురు గాక. 1987లో ఈమె ప్రకటించిన వ్యాసము ఆత్మదేహముల పరస్పరవ్యాపారమను విషయమున డెకార్టును సమర్థించుచు వ్రాసినది. ఎలిజబెత్తు గెలిచెనని చాటుట కాక, ఎలిజబెత్తు వాదమును వాదముగా ఎంచుటయే ఈమె పని. 1998లో వ్రాసిన వ్యాసమునకు మాయమగు సిరా యని అర్థమిచ్చు పేరు పెట్టి, 17, 18 శతాబ్దులయందు యూరపున గ్రంథములు వ్రాసి, అచ్చొత్తించి, సమకాలికులచే చర్చింపబడిన స్త్రీలు 19వ శతాబ్దికి చరిత్రలనుండి ఎట్లు తుడిచివేయబడిరో విచారించెను. 2001లో మార్గరెట్ కావెండిష్ 1666లో ప్రకటించిన ప్రయోగతత్త్వ విమర్శ గ్రంథమును పరిష్కరించి కేంబ్రిడ్జి ముద్రణాలయము ద్వారా వెలువరించెను. పేళ్ల జాబితా ఎవరైనను వ్రాయవచ్చును. 1690లోనే మెనాజ్ అను ఫ్రెంచి పండితుడు ప్రాచీన స్త్రీ తత్త్వవేత్తల పేళ్లు కూర్చి ఒక లాటిను పుస్తకము వ్రాసెను. దానివలన ఏమయినది? గ్రంథము చేతికందనిదే పేరు నిలువదు. పరిష్కర్త యొక్క ఎండిన శ్రమ ఉపన్యాసకుని వాగ్ధార కంటె గొప్పదని మా వంటివారు తెలిసికొనవలెను.

యోగ్యతయున్నచో కాలమే నిలుపునని కొందరు వాదింతురు. కాలమునకు చేతులున్నవా? నిలుపువారు లేఖకులు, ముద్రాపకులు, పాఠ్యనిర్ణేతలు. ఆన్ కాన్వే 1679లో మరణించెను. ఆమె వ్రాతపుస్తకమును లాటినులోనికి మార్చి 1690లో ఆమె పేరు లేకయే అచ్చొత్తించిరి, ఆంగ్లమూలము నశించినది, నేడు దొరకు ఆంగ్లపాఠము లాటినునుండి తిరిగి మార్చినది. లైబ్నిజ్ అంతటివాడు తన మతము ఆమె మతమునకు సమీపమని వ్రాసెను. డామరిస్ మాషమ్ 1696లో పేరు పెట్టక ప్రకటించిన పుస్తకమును లాకు వ్రాసినదని భ్రమించిరి. మంచి పుస్తకమైనచో పురుషునిది, పురుషునిది కాదని తెలిసినచో మంచిది కాదు! ఈ తర్కమును మా న్యాయశాస్త్రపు గురువుగారు విన్నచో ఏ హేత్వాభాసమున చేర్చియుందురో!

మనకు గార్గి యున్నది, ఈ పాశ్చాత్యుల గొడవ యెందుకని సభలలో మీసము దువ్వు సోదరులకు ఒక ప్రశ్న. గార్గి యేమి యడిగెను? పదిమందిలో ఒక్కరైనను చెప్పగలరా? ద్యులోకమునకు పైనను, భూమికి క్రిందను, వీని నడుమను ఉన్నదియు, భూతభవిష్యత్తులనబడునదియు దేనియందు నేయబడినదని ఆమె జనకుని సభలో యాజ్ఞవల్క్యు నడిగెను. ఆకాశమునందనగా, ఆకాశము దేనియందని తిరిగి యడిగెను. బృహదారణ్యకమునందలి అక్షరోపదేశము ఆ రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానము. మనము యాజ్ఞవల్క్యుని సిద్ధాంతమని దానిని పాఠము చెప్పి, గార్గిని స్త్రీవిద్యను గూర్చిన సభకు అలంకారముగా దాచుకొనుచున్నాము. పాశ్చాత్యులు ఎలిజబెత్తును మరచిరి. మనము గార్గిని పూజించుచు మరచితిమి. ఏది అధికదోషమో చదువరులే చెప్పవలెను.

తెలుగునాట సిరా మాయము కాలేదా? తంజావూరి ముద్దుపళని రాధికాసాంత్వనమును 1887లో అచ్చొత్తించినవారు ఆమె తన వంశమును చెప్పుకొన్న పీఠికను వదలివేసిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి దానిని మరల చేర్చిరి. ఆ కావ్యమును నిందించినవారిలో మనకు పూజ్యులైన వీరేశలింగం పంతులుగారును కలరు. ఆయనయెడ మాకు గల గౌరవము ఇందువలన తగ్గలేదు, కాని ఈ సంగతిని దాచిపెట్టుట గౌరవము కాదు.

ఓనీల్ మరొక పండితురాలితో కలిసి కూర్చిన వ్యాససంపుటము 2019లో, ఆమె పోయిన పిమ్మట, వెలువడినది. మేము మా పాత ఉపన్యాసపు కాగితములు తీసి, ఆక్షేపకుడను మాటను కొట్టివేసి ఎలిజబెత్తు పేరు వ్రాసితిమి. ఆ బాలికయింటికి పోయి, ఆమె తండ్రిగారి యెదుటనే, నాడు చెప్పిన సమాధానము తప్పని చెప్పి వచ్చితిమి. ఆమె ఆ ఉత్తరములు చదువుటకు దొరకునా యని యడిగినది. గ్రంథాలయమునకు తెప్పింపుడని కార్యదర్శిగారికి అర్జీ వ్రాసియిచ్చితిమి. పరీక్షకు రాని పుస్తకమునకు సొమ్మెందుకని ఆయన ఇంకను ఆలోచించుచున్నారు.