రాసి ఉన్న హక్కు, రాయని హక్కు

టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న మన హాస్టల్ సీనియర్ అన్న ఒకరు మొన్న ఫోన్లో ఒక మాట చెప్పారు. పిల్లలున్న వాళ్ళు అక్కడ ఇల్లు వెతికేటప్పుడు ఆ వీధి ఏ స్కూలు కిందికి వస్తుందో ముందు చూసుకుంటారట. మంచి స్కూలున్న చోట అద్దె ఎక్కువ. కట్టలేని వాళ్ళ పిల్లలకు మిగిలిన స్కూలే గతి. సర్కారు బడే కదా, ఫీజు లేదు కదా, మరి ఈ తేడా ఎక్కడిది? ఎమ్మే లైబ్రరీలో వెతుకుతూ పోతే 1973 నాటి ఒక తీర్పు దొరికింది. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. అందుకేనేమో, ఆ తీర్పు పక్కింటి సంగతిలాగే అనిపించింది.

శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేట ఉంది. మెక్సికో మూలాలున్న పేదలు ఎక్కువగా ఉండే చోటు. 1968 మే నెలలో అక్కడి హైస్కూలు పిల్లలు సుమారు నాలుగు వందల మంది, సరైన టీచర్లు లేరని, బిల్డింగు పాడైపోయిందని క్లాసులు వదిలి బయటికొచ్చారు. (ప్లేట్లు పట్టుకుని రోడ్డెక్కిన మనకు ఇది వేరే చెప్పాలా!) తర్వాత తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. ముందు నిలబడినాయన పేరు డెమెట్రియో రోడ్రిగెజ్. రేకుల పని చేసే కార్మికుడు.

అక్కడ బడి డబ్బులో పెద్ద వాటా ఆ ప్రాంతం ఇళ్ళ మీద, స్థలాల మీద వేసే పన్నుది. 1967-68 లెక్క చూడండి. ఎడ్జ్‌వుడ్ వాళ్ళు వంద డాలర్ల ఆస్తికి 1 డాలరు 5 సెంట్ల చొప్పున పన్ను కట్టారు. దాని మీద ఒక్కో పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు. అదే ఊళ్ళో డబ్బున్న వాళ్ళ పేట అలమో హైట్స్. వాళ్ళు కట్టింది 85 సెంట్లే, వచ్చింది 333 డాలర్లు. పైనుంచి వచ్చే సొమ్మంతా కలిపాక కూడా ఇటు 356, అటు 594. ఎక్కువ పన్ను కట్టినవాడికే తక్కువ చదువు!

1868లో వచ్చిన 14వ సవరణ చట్టం అందరినీ సమానంగా కాపాడాలంటుంది. దాన్ని పట్టుకుని కింది ఫెడరల్ కోర్టులో 1971లో గెలిచారు. సుప్రీంకోర్టులో 1973 మార్చి 21న 5-4తో ఓడిపోయారు. చదువు హక్కని ఆ రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదన్నారు. ఒప్పుకోని నలుగురిలో జస్టిస్ తర్గుడ్ మార్షల్ ఒకరు. నల్లవాళ్ళకు వేరే బడి, తెల్లవాళ్ళకు వేరే బడి కుదరదని 1954లో తీర్పు తెచ్చిన బ్రౌన్ కేసులో వాదించిన వకీలు ఆయనే.

ఇప్పుడు 2023కి రండి. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం అదే 14వ సవరణకు విరుద్ధమని హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో జూన్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్ళు చాలామంది అక్కడ రిజర్వేషన్లు ఎత్తేశారనుకున్నారు. అక్కడ మనలాంటి కోటా లేదు. ఒక మెడికల్ కాలేజీ 100లో 16 సీట్లు విడిగా పెడితే 1978లోనే కొట్టేశారు. మిగిలింది, జాతిని కూడా ఒక అంశంగా చూడవచ్చనే వెసులుబాటు. 2023లో అదీ పోయింది.

చైనా, భారత సంతతి పిల్లలకు అన్యాయం జరిగిందన్న వాదనను మేము తీసిపారేయడం లేదు. వ్యక్తిత్వానికి వేసే మార్కుల్లో హార్వర్డ్ వాళ్ళకు తక్కువ వేస్తోందని కోర్టులో లెక్కలు చూపించారు. అది నిజమైతే సరిచేయాల్సిందే. కానీ పాత విద్యార్థుల పిల్లలకు ఇచ్చే మొగ్గు మీద ఆ తీర్పు నిషేధం పెట్టలేదు. కొన్ని రాష్ట్రాలు తర్వాత విడిగా చట్టాలు చేసుకున్నాయి, అది వేరే సంగతి. మా అభ్యంతరం ఇది: కింద బడి దగ్గర తేడా ఉంటే రాజ్యాంగానికి సంబంధం లేదన్నారు, పైన కాలేజీ గేటు దగ్గర మాత్రం అందరినీ ఒకేలా చూడమన్నారు. రెండింటికీ ఆధారం ఒకే వాక్యం.

ఎడ్జ్‌వుడ్ కథ ఓటమితో ఆగలేదు. టెక్సాస్ రాష్ట్ర రాజ్యాంగంలో ఉచిత బడుల గురించి రాసి ఉంది. దాని మీద మళ్ళీ కేసు వేసి 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచారు. రాసి లేని చోట ఓడారు, రాసి ఉన్న చోట గెలిచారు.

మనకు రాసి ఉంది, నిజమే. 1951లో మద్రాసు రాష్ట్రపు సీట్ల కేటాయింపును సుప్రీంకోర్టు కొట్టేస్తే (కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి) అదే ఏడాది మొదటి సవరణతో 15(4) వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కన్నారు. 2002 సవరణతో అది 21ఏ అయింది. అయితే ఆ 1993 తీర్పులోనే ఇంకో ముక్క ఉంది. పద్నాలుగు దాటాక చదువు హక్కు ప్రభుత్వ స్తోమతను బట్టి అని.

ఇంటర్‌లో మేము ఉన్న హాస్టల్‌కు నెలల తరబడి మెస్ బిల్లు రాలేదు. షాపతను బియ్యం ఆపేశాడు. వార్డెన్ సారు సొంత పూచీ మీద తెచ్చి వండించారు, ఆ నెలంతా నీళ్ళచారే. అప్పుడు మాకు పదహారేళ్ళు. పద్నాలుగు దాటేశాము కదా! హాస్టల్ అనేది 46వ అధికరణం కింద ప్రభుత్వానికి చెప్పిన సూచనే. అమలు చేయలేదని ఆ అధికరణం ఒక్కటే పట్టుకుని కోర్టుకెళ్ళలేం. మెస్ ఛార్జీ ఒక జీవోతో పెరుగుతుంది, ఒక జీవోతో ఆగుతుంది.

జీవోగా ఉన్నది చట్టం కావాలని, బిల్లు ఆలస్యమైతే పిల్లవాడే అడగగలిగే హక్కు కావాలని మేము అంటున్నాము. వార్షికోత్సవానికి వచ్చే సీనియర్లలో వకీళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని విన్నాము. అన్నలూ, భోజనాలయ్యాక మెస్ హాల్లో ఒక గంట కూర్చోండి. కాగితం, పెన్ను మేము తెస్తాము.